కాన్ఫిగర్ ‘లేదు’ అన్నప్పుడు, అది ఏమడిగిందో చూడండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది. సెంటోస్ 7 (లినక్స్‌లో ఒక రకం) నడుస్తున్న పాత సర్వరు, దాన్ని మార్చే అధికారం మీ చేతిలో లేదు. పైథాన్ 3.11ను సోర్సు నుంచి కంపైల్ చేశారు. కాన్ఫిగర్ (కంపైల్‌కు ముందు మెషీన్‌ను పరీక్షించే స్క్రిప్టు) ఎక్కడా ఆగలేదు, మేక్ (అసలు కంపైల్ చేసే ఆదేశం) కూడా పూర్తయింది. తీరా పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఏదో ప్యాకేజీ తెచ్చుకోబోతే, నెట్‌తో భద్రంగా మాట్లాడేందుకు కావలసిన ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ అందుబాటులో లేదంటోంది. ఆ మాడ్యూల్‌కు ఆధారమైన ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీతో కంపైల్ చేయడానికి కావలసిన ప్యాకేజీ, ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవెల్ పెట్టారు, తీసేశారు, మళ్లీ పెట్టారు. మూడు రోజులు గడిచాయి. “కళ్ల ముందు ఉన్నదాన్ని పట్టుకుని లేదంటుందేమిటి?” అని, తెరమీద వచ్చిన అరవై వరుసలు పంపి అడిగారు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీ మెషీన్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఉన్న మాట నిజం. కానీ అది 1.0.2. పైథాన్ 3.10 నుంచి ఎస్ఎస్ఎల్ మాడ్యూల్‌కు 1.1.1 గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి. పెప్ 644 అనే ప్రతిపాదనతో ఆ నియమం వచ్చింది. సెంటోస్ 7 సొంత ప్యాకేజీల్లో ఉన్నది 1.0.2 మాత్రమే. ఆ డెవెల్ ప్యాకేజీని వందసార్లు పెట్టినా వందసార్లూ అదే వస్తుంది. కాబట్టి కొత్త ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను వేరే డైరెక్టరీలో పెట్టుకుని, దాని దారి పైథాన్‌కు చూపించాలి. ఎలాగో కింద రాస్తాను. ఆదేశాలనూ ఫైళ్ల పేర్లనూ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటి అసలు అక్షరాల్లో కొట్టుకోండి.

అయితే ఈ ఒక్క జవాబుతో వదిలేస్తే ఇంకో నెలకు సీటైప్స్, ఎల్‌జెడ్ఎంఏ లాంటి ఇంకో పైథాన్ మాడ్యూల్ లేదని మళ్లీ ఇదే చోట నిలబడతారు. మీకు దొరకనిది ప్యాకేజీ కాదు, కాన్ఫిగర్ చెప్పిన కారణం. ఆ కారణం మీ డైరెక్టరీలోనే, కాన్ఫిగ్.లాగ్ అనే ఫైల్లో, పూసగుచ్చినట్టు రాసి ఉంది. మీరు పంపిన అరవై వరుసల్లో ఆ ఫైలు నుంచి ఒక్క వరుస కూడా లేదు.

కాన్ఫిగర్ అంటే మీ మెషీన్‌లో ఏ ప్యాకేజీలు ఉన్నాయో లెక్క చూసే ప్రోగ్రామ్ అని చాలామంది అనుకుంటారు. కాదు. ప్యాకేజీలు పెట్టే పనిముట్లేవీ దానికి తెలియవు: ఆర్‌పీఎం తెలియదు, యమ్ తెలియదు, ఆప్ట్ తెలియదు. అది ఒక పొడవాటి షెల్ స్క్రిప్టు, అంతే. ఆటోకాన్ఫ్ అనే పనిముట్టు దాన్ని తయారు చేసి పెడుతుంది. 1991లో డేవిడ్ మెకెంజీ ఆటోకాన్ఫ్ రాయడం మొదలుపెట్టిన రోజుల్లో యూనిక్స్‌లు డజను రకాలు, ఒక్కొక్కదానిదీ ఒక్కో తీరు. ఏ యూనిక్స్‌లో ఏముంటుందో జాబితాలు రాసుకుని కూర్చుంటే తెల్లవారదు. అందుకని జాబితాలను నమ్మకుండా ప్రయోగం చేసి చూసే పద్ధతి పట్టుకున్నారు. కాన్ఫిగర్ నాలుగు వరుసల చిన్న సీ ప్రోగ్రామ్ రాస్తుంది, దానికి కాన్ఫ్‌టెస్ట్.సీ అని పేరు పెడుతుంది, కంపైలర్ చేతికిస్తుంది. కంపైల్ అయితే ‘ఉంది’, కాకపోతే ‘లేదు’. ఆ ఫైలును చెరిపేసి తర్వాతి ప్రయోగానికి వెళుతుంది. మీ తెరమీద జరజరా పారిన ‘చెకింగ్’ వరుసల్లో ఎక్కువ భాగం ఇలాంటి ప్రయోగాలే.

అందుకే తెరమీద ‘నో’ అని కనిపిస్తే దాన్ని ‘ఈ లైబ్రరీ లేదు’ అని చదవకూడదు. ‘నేను రాసిన చిన్న ప్రోగ్రామ్ కంపైల్ కాలేదు’ అని చదవాలి. ఎందుకు కాలేదన్నది వేరే సంగతి. హెడర్ ఫైలు (లైబ్రరీలో ఏ ఫంక్షన్లు ఉన్నాయో కంపైలర్‌కు చెప్పే ఫైలు) దొరకలేదేమో, లైబ్రరీ దొరకలేదేమో. రెండూ దొరికి ఒకదానికొకటి పొసగలేదేమో. మీరు సీఫ్లాగ్స్‌లో (కంపైలర్‌కు ఆప్షన్లు ఇచ్చే వేరియబుల్) అక్షరం తప్పు రాసినందుకు కంపైలరే అలిగి కూర్చుందేమో. తెరమీద వీటన్నిటికీ ఒకటే మాట. తేడా లాగ్‌లోనే తెలుస్తుంది.

మీ విషయంలో జరిగింది చూడండి, ఇది ముచ్చటగా ఉంటుంది. పైథాన్ 3.11 కాన్ఫిగర్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ గురించి ఒకటికి రెండు ప్రశ్నలు వేస్తుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌తో కంపైల్, లింక్ అవుతున్నాయా అన్నది మొదటిది. మీ తెరమీద దానికి ‘యెస్’ వచ్చి ఉంటుంది. నిజమే మరి, 1.0.2తో కూడా లింక్ అవుతుంది. ఎస్ఎస్ఎల్ మాడ్యూల్‌కు కావలసిన ఏపీఐలు, అంటే పిలవదగిన ఫంక్షన్లు, ఇందులో ఉన్నాయా అన్నది రెండోది. అక్కడ వచ్చింది ‘నో’. మీరు మొదటి ‘యెస్’ చూసి, సరే ఉంది కదా అని ముందుకు వెళ్లిపోయారు. రెండో ప్రశ్నకు కాన్ఫిగర్ రాసుకున్న ప్రోగ్రామ్‌లో, వెర్షన్ 1.1.1 కంటే తక్కువైతే ఇక్కడే ఆగిపో అని స్పష్టంగా ఒక వరుస ఉంటుంది. కాన్ఫిగ్.లాగ్ తెరిస్తే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 లేదా అంతకంటే కొత్తది కావాలన్న ఎర్రర్ అక్షరాలా కనిపిస్తుంది. మేక్ చివర్లో కూడా ఎస్ఎస్ఎల్ మాడ్యూల్‌ను కట్టలేకపోయామని, 1.1.1 కావాలని రెండు వరుసలు వస్తాయి. ఆ తర్వాత ఇంకొన్ని వరుసలు పారి వాటిని పైకి నెట్టేస్తాయి. మేక్ మాత్రం సున్నా కోడ్‌తో, అంతా సవ్యమే అన్నట్టు ముగుస్తుంది. పైథాన్ దృష్టిలో ఎస్ఎస్ఎల్ ఐచ్ఛికం; అది లేకపోయినా పైథాన్ పైథానే. ఎస్ఎస్ఎల్ లేని పైథాన్‌తో ఈ రోజుల్లో చేయగలిగేది ఏమీ లేదన్నది నా అభిప్రాయం. ఇక్కడ కాన్ఫిగర్ ఆగిపోయి ఉంటే మీకు మూడు రోజులు మిగిలేవి.

లాగ్ చదవడానికి ఒక పద్ధతి ఉంది. చాలామంది దాన్ని తెరవగానే అడుగుకు వెళతారు, అక్కడ కనిపించిన ఇరవై వరుసలు కాపీ చేసి పంపుతారు. అడుగున ఉండేవి విలువల పట్టికలు మాత్రమే: కనుక్కున్న జవాబులు, వేరియబుల్స్, చిట్టచివర ఎగ్జిట్ కోడ్. కారణం ఎప్పుడూ మధ్యలో ఉంటుంది. లెస్ అనే ఆదేశంతో తెరిచి, తెరమీద ‘నో’ వచ్చిన ప్రశ్నలోని మాటనే వెతకండి, మీ కేసులో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అని. వరుస మొదట్లో కాన్ఫిగర్ పేరు, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకె కాన్ఫిగర్ స్క్రిప్టులో ఆ ప్రశ్న ఉన్న వరుస సంఖ్య. దాని కింద కంపైలర్‌ను పిలిచిన ఆదేశం మొత్తం ఉంటుంది. ఆ కింద కంపైలర్ ఏమందో, తర్వాత ఎగ్జిట్ కోడ్. ఆ తర్వాత ‘ఫెయిల్డ్ ప్రోగ్రామ్ వాజ్’ అన్న వరుస, దాని కింద నిలువు గీతలతో మొదలయ్యే సీ ప్రోగ్రామ్. అదే కాన్ఫ్‌టెస్ట్.సీ. దాన్ని యథాతథంగా ఒక ఫైల్లోకి కాపీ చేసుకుని, పైన ఉన్న ఆదేశంతో మీరే కంపైల్ చేయవచ్చు. అక్కడినుంచి మీరు కుస్తీ పట్టేది వేల వరుసల స్క్రిప్టుతో కాదు, నాలుగు వరుసల సీ ప్రోగ్రామ్‌తో. చిక్కుముడి ఏదైనా సరే, నేను చేసే మొదటి పని ఇదే.

ఆ కంపైలర్ మాటలు మూడు నాలుగు రకాలకు మించవు. ‘నో సచ్ ఫైల్’ అంటూ డాట్ హెచ్ ఫైలు పేరు చెబితే హెడర్ లేదు. ఉబుంటు, డెబియన్‌లలో -డెవ్ ప్యాకేజీ, ఫెడోరా, సెంటోస్‌లలో -డెవెల్ ప్యాకేజీ పెట్టాలి. ఏ ప్యాకేజీలో ఆ ఫైలు ఉందో ఊహించవద్దు. ఆప్ట్-ఫైల్‌ను గానీ యమ్ ప్రొవైడ్స్‌ను గానీ అడగండి. ‘కెనాట్ ఫైండ్ -ఎల్’ అంటే మాట్లాడుతున్నది కంపైలర్ కాదు, కంపైల్ అయినదాన్ని లైబ్రరీలతో కలిపే లింకర్. హెడర్ దాటాం, లైబ్రరీ దగ్గర ఆగాం. ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటే లైబ్రరీ దొరికింది గానీ అందులో ఆ ఫంక్షన్ లేదు. దీనికి ఎక్కువసార్లు కారణం హెడర్ ఒక వెర్షన్‌ది, లైబ్రరీ ఇంకో వెర్షన్‌ది కావడం. లేదా ఆదేశంలో లైబ్రరీల వరుస తప్పడం: లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది, వాడుకునే ఫైలు ముందు, వాడబడే లైబ్రరీ తర్వాత రావాలి. లైబ్రరీల పేర్లను ఎల్‌డీఫ్లాగ్స్‌లో (లింకర్‌కు ఆప్షన్లు ఇచ్చే వేరియబుల్) పెడితే అవి ముందుకు వచ్చేస్తాయి. వాటి చోటు లిబ్స్ అనే వేరియబుల్. ఎల్‌డీఫ్లాగ్స్‌లో డైరెక్టరీల దారులు మాత్రమే ఉంచండి.

ఇక మీ పనికి వద్దాం.

మొదట, మీ హెడర్లు ఏ వెర్షన్‌వో నిర్ధారించుకోండి. ఇందుకు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వెర్షన్ అనే ఆదేశాన్ని నమ్మవద్దు. అది పాత్‌లో (షెల్ ప్రోగ్రాములను వెతికే డైరెక్టరీల జాబితా) ముందు దొరికిన ప్రోగ్రామ్ తన గురించి తాను చెప్పుకునే మాట. కంపైలర్ చూసే హెడర్లు వేరే చోటివి కావచ్చు. లైబ్రరీల వెర్షన్లు, దారులు చెప్పే పీకేజీ-కాన్ఫిగ్‌ను --మాడ్‌వెర్షన్ ఆప్షన్‌తో అడగండి, లేదా యుఎస్ఆర్ కింద ఇన్‌క్లూడ్, దాని కింద ఓపెన్‌ఎస్ఎస్ఎల్ డైరెక్టరీలో ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌వీ.హెచ్ ఫైలు తెరిచి చూడండి.

కొత్తది తెచ్చుకోవడానికి రెండు దారులు. ఈపెల్ అనే అదనపు ప్యాకేజీల రిపాజిటరీలో సెంటోస్ 7 కోసం ఓపెన్‌ఎస్ఎస్ఎల్11-డెవెల్ అనే ప్యాకేజీ ఉండేది. పాతదానితో గొడవ పడకుండా దాని హెడర్లు, లైబ్రరీలు వేరే డైరెక్టరీల్లో కూర్చుంటాయి. కానీ పైథాన్ కాన్ఫిగర్ పీకేజీ-కాన్ఫిగ్‌ను అడిగేది ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్’ అన్న పేరుతో, ఈ ప్యాకేజీ పేరు ‘ఓపెన్‌ఎస్ఎస్ఎల్11’. కాబట్టి కాన్ఫిగర్ స్క్రిప్టులో ఆ పేరును సెడ్ అనే ఆదేశంతో మార్చే చిట్కా ఒకటి చాలాచోట్ల తిరుగుతోంది. పని చేస్తుంది. నాకు మాత్రం నచ్చదు. తయారైన స్క్రిప్టును చేత్తో దిద్దితే వచ్చే వెర్షన్‌కు మళ్లీ దిద్దాలి, దిద్దామన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. పైగా సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30తో ముగిసింది, ప్యాకేజీలు అందించే మిర్రర్‌లు మూతబడ్డాయి. యమ్ ఇప్పుడు మిర్రర్‌లిస్ట్ చిరునామా దొరకలేదంటుంది. సెంటోస్ ప్యాకేజీలను పాతవాటి భాండాగారమైన వాల్ట్ నుంచి తెచ్చుకోవాలి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1కు ప్రాజెక్టు ఉచిత మద్దతు 2023 సెప్టెంబరు 11నే ఆగిపోయింది. అంటే గడువు తీరిన సిస్టమ్ మీద గడువు తీరిన లైబ్రరీ. రెండో దారే పట్టండి.

రెండో దారి, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0ను కూడా సోర్సు నుంచే కట్టుకోవడం. భయపడేంత పని కాదు, కానీ మూడు గోతులున్నాయి. మూడింట్లోనూ నేను పడ్డాను.

మొదటి గొయ్యి పెర్ల్. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వారి కాన్ఫిగ్ పేరు చూసి మోసపోవద్దు, అది ఆటోకాన్ఫ్ కుటుంబానికి చెందింది కాదు, పెర్ల్‌లో రాసుకున్న సొంత స్క్రిప్టు. సెంటోస్ 7లో పెర్ల్ ఉన్నా దానికి కావలసిన మాడ్యూళ్లు అన్నీ ఉండవు. ఐపీసీ కింద సీఎండీ.పీఎం దొరకలేదని ఆగిపోతుంది. పెర్ల్-ఐపీసీ-సీఎండీ ప్యాకేజీ పెట్టండి, డేటా-డంపర్ కూడా అడిగితే అదీ పెట్టండి.

రెండో గొయ్యి లోతైనది. 64 బిట్ల లినక్స్ మీద ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 తన లైబ్రరీలను లిబ్64 అనే డైరెక్టరీలో పెడుతుంది. పైథాన్‌కు --విత్-ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఆప్షన్‌తో మీరిచ్చిన దారిలో పైథాన్ వెతికేది లిబ్ డైరెక్టరీలో. ఇప్పుడేమవుతుందో ఊహించండి. హెడర్లు ఇన్‌క్లూడ్ డైరెక్టరీలో సరిగ్గా దొరుకుతాయి, అవి 3.0వి. లిబ్ డైరెక్టరీ ఖాళీ, అసలు ఉండనే ఉండదు. లింకర్ ఆ మాట పైకి అనదు. మామూలుగా తాను వెతికే చోట్లకు వెళ్లి సిస్టమ్‌లోని 1.0.2 లైబ్రరీని పట్టుకొస్తుంది. హెడర్ కొత్తది, లైబ్రరీ పాతది. తల ఒకరిది, మొండెం ఒకరిది. లాగ్‌లో టీఎల్ఎస్_క్లయింట్_మెథడ్ అనే ఫంక్షన్‌కు ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని వస్తుంది, ఎందుకంటే ఆ ఫంక్షన్ 1.1.0లో గానీ పుట్టలేదు. తెరమీద మాత్రం ఇందాకటి ‘నో’నే. మీరు కొత్త ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కట్టినా ఫలితం మారలేదని, ఇది వెర్షన్ సమస్యే కాదేమోనని తల పట్టుకుంటారు. ఒక మధ్యాహ్నమంతా నేను అలాగే పట్టుకున్నాను. తెరమీద రెండుసార్లూ వచ్చింది ఒకే మాట. కారణాలు రెండూ వేరు. లాగ్ తెరిస్తే ఆ తేడా అర నిమిషంలో తెలిసేది. మందు సులువు: ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను కాన్ఫిగర్ చేసేటప్పుడే --లిబ్‌డిర్=లిబ్ అని చెప్పండి.

మూడో గొయ్యి సర్టిఫికెట్లు. అంతా కట్టాక, ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ చక్కగా లోడయ్యాక, పిప్ సర్టిఫికెట్లను తన వెంట తెచ్చుకుంటుంది కాబట్టి పని చేస్తుంది గానీ మీ సొంత ప్రోగ్రామ్ ఏ హెచ్‌టీటీపీఎస్ చిరునామాకు వెళ్లినా ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అంటుంది. కొత్త ఓపెన్‌ఎస్ఎస్ఎల్ తన సొంత డైరెక్టరీలో సర్టిఫికెట్ల కోసం చూస్తుంది, అది ఖాళీ. సెంటోస్‌లో నమ్మదగిన సర్టిఫికెట్ల కట్ట ఈటీసీ కింద పీకేఐ, దాని కింద టీఎల్ఎస్ డైరెక్టరీలో సెర్ట్.పీఈఎం పేరుతో ఉంటుంది. మీ కొత్త --ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌డిర్ డైరెక్టరీలో అదే పేరుతో దానికి ఒక సింబాలిక్ లింకు పెట్టండి. వెరిఫికేషన్‌ను ఆపేయమనే సలహాలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. వాటి జోలికి పోవద్దు.

మొత్తం మీద వరుస ఇలా ఉంటుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ సోర్సులో కాన్ఫిగ్‌కు --ప్రిఫిక్స్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్3, --ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌డిర్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్3/ఎస్ఎస్ఎల్, --లిబ్‌డిర్=లిబ్ ఇవ్వండి. మేక్, ఆ తర్వాత మేక్ ఇన్‌స్టాల్. మామూలు ఇన్‌స్టాల్ మాన్యువల్ పేజీలన్నీ కట్టి చాలా సమయం తింటుంది. అవి అక్కర్లేదనుకుంటే ఇన్‌స్టాల్_ఎస్‌డబ్ల్యూ అనే లక్ష్యం చాలు. అది ఎస్ఎస్ఎల్ డైరెక్టరీని తయారు చేయదు కాబట్టి దాన్ని మీరే ఎంకేడిర్‌తో సృష్టించి, ఇందాక చెప్పిన లింకు పెట్టుకోవాలి.

పైథాన్ డైరెక్టరీకి వచ్చి, ముందు మేక్ డిస్ట్‌క్లీన్ చేయండి. మీరు ఇన్నిసార్లు ప్రయత్నించిన డైరెక్టరీని నేనైతే ఆ మాత్రం కూడా నమ్మను. మొత్తం చెరిపేసి, టార్ ఫైలును మళ్లీ విప్పుకుంటాను. ఆ తర్వాత కాన్ఫిగర్‌కు --ప్రిఫిక్స్=/ఆప్ట్/పైథాన్311, --విత్-ఓపెన్‌ఎస్ఎస్ఎల్=/ఆప్ట్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్3, --విత్-ఓపెన్‌ఎస్ఎస్ఎల్-ఆర్‌పాత్=ఆటో ఇవ్వండి. ఈ చివరి ఆప్షన్ పైథాన్ 3.10తో వచ్చింది, దాన్ని మరవవద్దు. కంపైల్ చేసేటప్పుడు లైబ్రరీ దారి చూపడం వేరు, నడిపేటప్పుడు చూపడం వేరు. మొదటిది లింకర్ చూసుకుంటుంది, రెండోది, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లైబ్రరీలను తెచ్చిపెట్టే లోడర్ పని. ఆర్‌పాత్ ఇస్తే ఆ దారి మాడ్యూల్ ఫైలులోనే ముద్రపడి ఉంటుంది. ఇవ్వకపోతే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే వేరియబుల్‌ను అందరి ప్రొఫైళ్లలో పెట్టుకుంటూ పోవాలి, అది ఇంకో ప్రోగ్రామ్‌కు తప్పుడు లైబ్రరీ అందించి కొత్త తగాదా తెస్తుంది.

కాన్ఫిగర్ పూర్తయ్యాక మేక్ కొట్టేముందు ఒక్క నిమిషం ఆగండి. తెరమీద పైకి జరిపి ‘ఎస్‌టీడీలిబ్ ఎక్స్‌టెన్షన్ మాడ్యూల్’ అన్న వరుసలు చూడండి. _ఎస్ఎస్ఎల్ ఎదురుగా ‘యెస్’ ఉందా? _హ్యాష్‌లిబ్ ఎదురుగా? ‘మిస్సింగ్’ అని ఉంటే మేక్ కొట్టడం దండగ. అదే సమయంలో _బీజెడ్2, _ఎల్‌జెడ్ఎంఏ, _ఎస్‌క్యూలైట్3 కూడా చూసుకోండి. వాటికి, అలాగే _సీటైప్స్, రీడ్‌లైన్ మాడ్యూళ్లకు, సెంటోస్‌లో లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవెల్, బీజిప్2-డెవెల్, ఎక్స్‌జెడ్-డెవెల్, ఎస్‌క్యూలైట్-డెవెల్, రీడ్‌లైన్-డెవెల్, వీటితోపాటు జెడ్‌లిబ్-డెవెల్ పెట్టాలి. ఉబుంటులో పేర్లు వేరు. అక్కడ జెడ్‌లిబ్ ప్యాకేజీ పేరు జెడ్‌లిబ్1జీ-డెవ్. మధ్యలో ఆ ఒకటీ జీ ఏమిటో తెలియక ప్యాకేజీయే లేదనుకునేవారిని ఎందరినో చూశాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మేక్ ఇన్‌స్టాల్ కాదు, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్. ప్రిఫిక్స్ వేరే డైరెక్టరీ కాబట్టి మీ విషయంలో ప్రమాదం తక్కువే, అయినా అలవాటు చేసుకోండి. మొదటిది పైథాన్3 అన్న పేరును కూడా ఆక్రమిస్తుంది, రెండోది పైథాన్3.11 అన్న పేరుతోనే సరిపెట్టుకుంటుంది.

మీ ఆదేశంలో --ఎనేబుల్-ఆప్టిమైజేషన్స్ కనిపించింది. సెంటోస్ 7లోని సీ కంపైలర్ జీసీసీ 4.8.5 మీద దాన్ని తీసేయండి. ఆ ఆప్షన్‌తో కంపైలర్ పైథాన్‌ను ఒకసారి కట్టి, నడిపి, అది నడిచిన తీరు చూసి మళ్లీ కడుతుంది. పాత జీసీసీలు ఆ మధ్యలో తడబడి, రన్‌పై మాడ్యూల్‌ను దిగుమతి చేసుకోలేకపోయామంటూ పడిపోతాయి. అది చూసి రన్‌పై కోసం వెతుకుతూ కూర్చోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. వేగం తప్పనిసరి అయితే డెవ్‌టూల్‌సెట్ అనే ప్యాకేజీల గుంపు నుంచి కొత్త జీసీసీ తెచ్చుకోండి.

ఇంతా చేశాక కూడా ‘నో’ వస్తే, లాగ్‌లో ఆదేశం శుభ్రంగా ఉండి ఫలితం మాత్రం వింతగా ఉంటే, మీ షెల్‌ను అనుమానించండి. ఒకసారి బొమ్మల ఫైళ్లతో పని చేసే ఒక ప్రోగ్రామ్ కట్టబోయి రెండు రాత్రులు పోగొట్టుకున్నాను. లాగ్‌లో కంపైలర్ ఆదేశం గాజులా స్పష్టంగా ఉంది, వేరే డైరెక్టరీ ఊసే లేదు. అయినా లిబ్‌పీఎన్‌జీ పాత హెడర్లు ఎక్కడినుంచో వచ్చి పడుతున్నాయి. చివరికి ఎర్రర్ వరుసలోనే, ‘ఇన్‌క్లూడెడ్ ఫ్రమ్’ అన్న చోట, నా హోమ్ డైరెక్టరీ పేరు కనిపించింది. మూడు నెలల కిందట వేరే పని కోసం షెల్ మొదలవగానే చదివే నా బాష్‌ఆర్‌సీ ఫైల్లో సీపాత్ అనే వేరియబుల్ పెట్టుకున్నాను, తీయడం మరిచిపోయాను. ఆదేశంలో లేకపోయినా జీసీసీ దాన్ని చదువుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అప్పటినుంచి, అనుమానం వస్తే ముందు షెల్ వేరియబుల్స్ చూపే ఎన్వ్ కొట్టి సీపాత్, లైబ్రరీ_పాత్, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్, పీకేజీ_కాన్ఫిగ్_పాత్ ఉన్నాయేమో చూస్తాను. కోండా (పైథాన్ ప్యాకేజీలను విడిగా పెట్టుకునే పనిముట్టు) వాతావరణం తెరిచి ఉన్న షెల్‌లో కంపైల్ చేస్తే కూడా ఇదే తంతు. పాత్‌లో దాని కంపైలర్, దాని పీకేజీ-కాన్ఫిగ్ ముందుకు వచ్చేస్తాయి. దాన్ని మూసేసి, కొత్త షెల్‌లో మొదలుపెట్టండి. ఏ హెడర్ ఎక్కడినుంచి వస్తోందో తెలియాలంటే జీసీసీకి -హెచ్ (పెద్ద అక్షరం) ఇవ్వండి, తెరిచిన ప్రతి హెడర్ దారినీ చెబుతుంది. లింకర్ ఏ లైబ్రరీ తెరిచిందో తెలియాలంటే -డబ్ల్యూఎల్,--ట్రేస్.

ఇంకో తప్పుదారి పట్టించే మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఎల్‌డీఫ్లాగ్స్‌తో ఆడుకుంటే మీకు తప్పక ఎదురవుతుంది. ‘సీ కంపైల్డ్ ప్రోగ్రాములను నడపలేకపోతున్నాం, క్రాస్ కంపైల్ చేయాలనుకుంటే --హోస్ట్ వాడండి’ అని కాన్ఫిగర్ ఆగిపోతుంది. క్రాస్ కంపైల్ అంటే వేరే రకం మెషీన్ కోసం కంపైల్ చేయడం; మీరు అది చేయడం లేదు, --హోస్ట్ ఇవ్వవద్దు. కంపైల్ అయిన చిన్న ప్రోగ్రామ్‌ను నడపబోతే నడవలేదని దాని భావం. మీరిచ్చిన లైబ్రరీ లింకర్‌కు దొరికి లోడర్‌కు దొరకకపోవడం సాధారణ కారణం. లేదా మీరు పని చేస్తున్న డిస్కును, ప్రోగ్రాములు నడపనివ్వని నోఎక్జెక్ ఆప్షన్‌తో మౌంట్ చేసి ఉండవచ్చు, భద్రత కోసం టెంప్ డైరెక్టరీని అలా పెట్టే సర్వర్లు ఉంటాయి. మౌంట్ ఆదేశం ఇచ్చి చూస్తే తెలిసిపోతుంది.

గిట్ నుంచి సోర్సు తెచ్చి, కాన్ఫిగర్‌ను తయారు చేసే ఆటోరీకాన్ఫ్ కొట్టాల్సిన ప్రాజెక్టుల్లో, కాన్ఫిగర్ మధ్యలో పీకేజీ_చెక్_మాడ్యూల్స్ దగ్గర షెల్ సింటాక్స్ ఎర్రర్ వస్తే, అది షెల్ తప్పు కాదు. పీకేజీ-కాన్ఫిగ్ ప్యాకేజీ లేకుండా ఆటోరీకాన్ఫ్ నడిపారు, ఆ మ్యాక్రో విప్పుకోక అలాగే మిగిలిపోయింది. ప్యాకేజీ పెట్టి ఆటోరీకాన్ఫ్ మళ్లీ నడపాలి. పైథాన్ టార్ ఫైలులో కాన్ఫిగర్ సిద్ధంగానే వస్తుంది, మీకు ఈ బెడద లేదు.

రూట్ అధికారంతో ఆదేశాలు నడిపే సుడో సంగతి ఒక్క మాట. కాన్ఫిగర్, మేక్ రెండూ మామూలు యూజర్‌గానే చేయండి, ఇన్‌స్టాల్‌కు మాత్రమే సుడో. మధ్యలో ఒకసారి సుడోతో మేక్ కొట్టి ఉంటే కొన్ని ఫైళ్లు రూట్ పేరున ఉండిపోయి, ఆ తర్వాత డిస్ట్‌క్లీన్ కూడా సగమే జరుగుతుంది. మీ డైరెక్టరీని చెరిపేయమన్నది ఇందుకే కూడా.

అసలు కంపైల్ చేయక తప్పదా అని కూడా ఒకసారి అడుగుతాను. ముందే కట్టిపెట్టిన పైథాన్‌లను యూవీ అనే పనిముట్టు తెచ్చిపెడుతుంది. వాటికి లినక్స్ మూల సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.17 ఉంటే చాలు, మీ సెంటోస్ 7లో ఉన్నది సరిగ్గా అదే. మీ కార్యాలయ నియమాలు బయటి బైనరీలను ఒప్పుకుంటే అది పది నిమిషాల పని. ఒప్పుకోకపోతే పైన రాసిందే.

చివరికి అంతా కట్టాక ఇలా సరిచూసుకోండి. పైథాన్3.11 తెరిచి, ఎస్ఎస్ఎల్‌ను ఇంపోర్ట్ చేసి, అందులోని ఓపెన్‌ఎస్ఎస్ఎల్_వెర్షన్ విలువను ప్రింట్ చేయండి, 3.0 అని రావాలి. దాంతో ఆగకుండా లిబ్-డైన్‌లోడ్ డైరెక్టరీలో ఉన్న _ఎస్ఎస్ఎల్ ఫైలు మీద, ఏ లైబ్రరీలు ఎక్కడినుంచి లోడవుతాయో చెప్పే ఎల్‌డీడీ నడపండి. లిబ్‌ఎస్ఎస్ఎల్ ఎదురుగా /ఆప్ట్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్3 కింద ఉన్న దారి కనిపించాలి. ‘నాట్ ఫౌండ్’ అని ఉంటే ఆర్‌పాత్ పడలేదు. కాన్ఫిగర్‌కు ఆ ఆప్షన్ నిజంగా అందిందో లేదో చూడాలి. అందుకు గుర్తు తెచ్చుకోనక్కర్లేదు, హిస్టరీ వెతకనక్కర్లేదు. కాన్ఫిగ్.లాగ్ మొదట్లోనే, డాలర్ గుర్తు పక్కన, మీరు కొట్టిన ఆదేశం ఆప్షన్లతో సహా ఉంటుంది. ఆ డైరెక్టరీ ఎప్పుడో చెరిపేసినా పర్వాలేదు: పైథాన్‌లో సిస్‌కాన్ఫిగ్ మాడ్యూల్‌ను కాన్ఫిగ్_ఆర్గ్స్ విలువ అడిగితే అదే వరుస మళ్లీ చెబుతుంది. రెండేళ్ల తర్వాత మీ కుర్చీలో కూర్చునే మనిషికి కూడా చెబుతుంది.